ఘాట్ రోడ్డు మా ఇంటికొచ్చిన రోజు

ఈరోజు మా ఇంట్లో ఉన్నవాళ్ళు: నాన్న, అమ్మ, నాన్నని కన్న మామ్మ, మా అప్ప వరాలు, ఆమె చెల్లిని నేను, ఘాట్ రోడ్డు.

రోడ్డు తెల్లవారుతూనే వచ్చింది. వంటింట్లో పొయ్యి పక్కన మొదలై, నడవలో ఒకసారి వంగి, వీధి గుమ్మం దాటి కొండ వైపు ఎక్కిపోతోంది. కళ్ళాపి చల్లడానికి లేచిన అమ్మ రోడ్డు మధ్య తెల్లగీతని చూసి, "ఎవులేసినారే ఈ ముగ్గు? సూడు, ఎంత ఒంకరగా ఉందో," అంటూ చీపురుతో రెండుసార్లు తుడుస్తుంది. గీత పోదు. నీళ్ళ బిందెలు గోడ వారకి జరుపుకుంటుంది.

నాన్న ఆశ్చర్యపోడు. ఆయన జీపు డ్రైవరు. ఇరవై రెండేళ్ళుగా టూరిస్టులని కొండ మీదికి ఎక్కించి దింపుతున్నాడు. చెప్పులు విడిచి, రోడ్డుని పాదంతో నొక్కి చూస్తాడు.

"మన జోడుమెట్ట ఘాటే. తొమ్మిది మలుపులు," అంటాడు. "ఉత్తినే రాదిది. ఇంట్లో ఎవులో ఏటో దాసీసినారు."

"దాస్తే?" అంటుంది అమ్మ.

"అందరం జీపెక్కి దీన్ని సివరికంటా నడిపించాల. దాసింది బయటపడాల. నేకపోతే రేపట్నుంచి ఇక్కడే ఉండిపోద్ది. లారీలు మన వంటింట్లోంచే తిరుగుతాయి."

"లారీల మద్దిన కూకుని నానొండలేను. లెగండి, లెగండి."

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. నా మొహం ఎవరూ చూడరు. వాళ్ళకి తెలిసిపోయిందేమోనని నాకు అనుమానం అక్కడే మొదలవుతుంది.

దాచింది నేనే. నాలుగు రోజుల క్రితం పోస్టుమాన్ ఒక కవరు తెచ్చి, "వరాలు నువ్వేనా?" అని అడిగాడు. నేను తలూపాను. అప్పకి పట్నంలో నర్సు చదువుకి సీటు వచ్చింది. ఈ నెల పద్నాలుగో తేదీ సాయంత్రం ఐదు గంటల లోపల ఆ ఉత్తరం పట్టుకుని హాజరు కావాలి. ఆలస్యమైతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారట. ఈరోజు పద్నాలుగు.

ఉత్తరం నా డైరీ అట్ట లోపల ఉంది. ఎరువుల కొట్టువాళ్ళు ఇచ్చిన పాత సంవత్సరం డైరీ అది. తేదీ సరిపోతే వారం సరిపోదు. అందులో ఇప్పటికి తొమ్మిది పేజీలు రాశాను. నేను అప్పతో తప్ప ఎవరితోనూ మాట్లాడను కనక నా ముందు అందరూ ధారాళంగా మాట్లాడుకుంటారు. విన్నవి రాసుకుంటాను. ఉత్తరం సంగతి తొమ్మిదో పేజీలో ఉంది.

బడిలో అయినా, బస్సులో అయినా, కొట్టులో అయినా నా బదులు అప్ప మాట్లాడుతుంది. "మా చెల్లికి పావుకిలో పంచదార," అంటుంది. "మా చెల్లికి టీసీ కావాలి సార్," అంటుంది. అప్ప పట్నం వెళ్ళిపోతే నేను పంచదార లేకుండా బతకాలి.

డైరీని బడి సంచిలో పెట్టుకుని జీపు వెనక సీట్లో కూర్చుంటాను. పక్కన అప్ప, ఎదురుగా మామ్మ. ముందు నాన్న, అమ్మ. అమ్మ ఇంటికి తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి మరీ వచ్చింది.

ఘాట్ మొదట్లో కొండదేవత రాయమ్మ గద్దె ఉంది. అక్కడ నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించాకే ఏ బండి అయినా పైకి ఎక్కుతుంది. నాన్న పెడతాడు, తొక్కిస్తాడు, దిగి చూస్తాడు. మూడు నలిగాయి. నాలుగోది చక్రం కింద గుండ్రంగా అలాగే ఉంది. ఆ చక్రం నేను కూర్చున్న వైపుది.

"కాయ పచ్చిదిరా," అంటుంది మామ్మ, నా వైపు చూడకుండా.

ఇంకోటి కూడా అప్పుడే తెలుస్తుంది. హారన్ నొక్కితే మెత్తగా ఉంది. నాన్న విప్పి చూస్తే, లోపల హారన్ ఉండాల్సిన చోట ఎండిన తేనెపట్టు ఉంది.

మా ఘాట్ మీద హారన్ కొట్టకుండా మలుపు తిరగకూడదు. హారన్ లేకపోతే బండిలోవాళ్ళు కేక వెయ్యాలి. ఇది డ్రైవర్లందరి కట్టుబాటు. ఆ కేక నిజమై ఉండాలి. నిజానికి బరువు ఉంటుంది కనక అది మలుపు తిరిగి అవతలి బండిని చేరుతుంది. అబద్ధం తేలిక. అది గాలికి లోయలో పడిపోతుంది. ఒక మలుపుకి వాడిన నిజం ఇంకో మలుపుకి పనికిరాదు.

"తొమ్మిది నిజాలు కావాల," అంటాడు నాన్న. "ఎవులికాడ ఏటున్నాయో సూసుకోండి."

మొదటి మలుపు దగ్గర అమ్మ జీపులోంచి తల బయటికి పెట్టి అరుస్తుంది. "కిందటారం పప్పులో రెండుసార్లు ఉప్పేసినాను! నానెయ్యనేదని దెబ్బలాడీసినాను!"

మలుపు అవతల క్యాబేజీల లారీ ఒకటి మర్యాదగా పక్కకి తప్పుకుంటుంది.

ఆ మాట నా డైరీ మొదటి పేజీలో ఉంది. ఉప్పు, దెబ్బలాట, అన్నీ అదే వరసలో. సంచిలో చెయ్యి పెట్టి డైరీ కొంచెం తెరుస్తాను. రాసిందంతా పోయి మొదటి పేజీ తెల్లగా ఉంది. మూల మీద మాత్రం పసుపు వేలిముద్ర.

అమ్మ నా డైరీ చదివేసింది.

రెండో మలుపు మామ్మది. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తున్న మామ్మ, దాన్ని తీసి చేత్తో పట్టుకుని అరుస్తుంది. "నా కళ్ళు బాగానే కనిపిస్తన్నాయి! కోడలి సేత సూదిలో దారం ఎక్కించుకోడానికి కనిపించవంతన్నాను!"

"అదేటత్తా!" అమ్మ వెనక్కి తిరుగుతుంది. "మూడేళ్ళు! మూడేళ్ళబట్టి నాను పనొదిలీసి పరిగెట్టుకొస్తన్నాను!"

"ముందుకి సూసి కూకో. నిజమాడితేనే దారిస్తారంట కదేటి. నాకేటి సరదానా?"

రెండో పేజీ తెల్లగా ఉంది. మూల మీద చుట్ట బూడిద.

మామ్మకి చదువు రాదు. అయినా చదివేసింది. ఇంతకాలం కళ్ళు కనిపించవని నమ్మించినామె చదువు రాదని నమ్మించలేదా?

జీపు కొండ ఎక్కుతున్నకొద్దీ నా జడ పొడవవుతోంది. అప్ప దాన్ని ఒళ్ళో వేసుకుని, కొత్తగా వచ్చిన జుట్టుని వచ్చినట్టే అల్లుతోంది. ఆమె వేళ్ళకి కొబ్బరినూనె వాసన. రోడ్డు వారన వలిసె పూలు పచ్చగా పూశాయి. ఒక్కో పువ్వూ జీపు పోయేవరకూ చూసి, తర్వాత పక్క పువ్వు వైపు తిరుగుతోంది. నా గురించే అనుకుంటున్నాయి.

మూడో మలుపు దగ్గర నాన్న గొంతు సవరించుకుంటాడు. "టూరిస్టులకి నాను పులిని సూసినానని సెప్తాను! నాను సూసింది మచ్చల దూడ!"

అవతలి నుంచి ఇంకో జీపు డ్రైవరు దారి ఇస్తూ, "నానూ దాన్నే సూసినానురా దేముడూ!" అని నాన్నని పేరు పెట్టి అరిచి వెళ్ళిపోతాడు.

మూడో పేజీ తెల్లన. గ్రీజు వేలిముద్ర.

ఇంక ముగ్గురి మీదా అనుమానం అక్కర్లేదు. చదివారు. చదివి, వరసగా అప్పజెబుతున్నారు. తొమ్మిదో మలుపు దగ్గరికి తొమ్మిదో పేజీ వస్తుంది. దాన్ని ఎవరు అరుస్తారనేదే మిగిలింది. అప్ప మాత్రం ఇంకా ఏమీ అనలేదు. నా జడ అల్లుతూ కూనిరాగం తీస్తోంది. అది మంచి గుర్తో చెడ్డ గుర్తో నాకు తెలియదు.

నాలుగో మలుపు దగ్గర మామ్మ ఏదో అరుస్తుంది. గాలిలో నాకు వినబడదు. డైరీ చూస్తే నాలుగో పేజీ ఖాళీ. అక్కడ ఏం రాశానో నాకిప్పుడు గుర్తు లేదు.

ఆ తర్వాత అడవిశాఖ గేటు. గార్డు లేచి జీపు చుట్టూ తిరుగుతాడు. ఒక్కొక్కరి దగ్గరా ఆగి వాసన చూస్తాడు.

"అగ్గిపెట్టెలున్నాయా?"

"ఉన్నాయి బాబూ," అంటుంది మామ్మ.

"ప్లాస్టిక్కు?"

"అప్పడాల సంచొకటి," అంటుంది అమ్మ.

"దాచినవి?"

నా దగ్గర ఆగి అడుగుతాడు. నా నోరు తెరుచుకోదు. ఎప్పటిలాగే అప్ప మాట్లాడుతుంది.

"మా సెల్లి ఏటీ దాయదు బాబూ. దాని కడుపులో ఏదీ ఆగదు. అన్నీ నాకు సెప్పీసిద్ది."

గార్డు తాడు లాగుతాడు. గేటు సగం వరకే లేస్తుంది. ఇంకోసారి లాగుతాడు. లేవదు.

"మీ మాటలో ఎక్కడో సగం తక్కువుంది," అంటాడు. అయినా మర్యాదస్తుడు. తానే వచ్చి జీపు పైకప్పుని దుప్పటిలా మడత పెట్టి మామ్మ ఒళ్ళో పెడతాడు. మేమందరం తలలు వంచుకుని గేటు కింద నుంచి దూరి వెళతాం.

అప్ప నా వైపు చూస్తుంది. "నాకు సెప్పనివేటైనా ఉన్నాయేటే?" అని నవ్వుతుంది. నేను తల అడ్డంగా ఊపుతాను. అడ్డంగా ఊపిన తల కాసేపు అలాగే ఊగుతుంది, దాన్ని ఆపుకోవడానికి రెండు చేతులూ కావాల్సి వస్తాయి.

ఐదో మలుపు దగ్గర వ్యూ పాయింటు ఉంది. టూరిస్టులు మంచుకి ఫొటోలు తీస్తున్నారు. మంచు మొహమాటపడి పక్కకి జరిగితే కింద లోయలో మా ఊరు కనిపిస్తుంది. మా ఇల్లు ఉండాల్సిన చోట నలుచదరంగా తడిమట్టి ఉంది.

"ఇల్లేదయ్యా?" అంటుంది అమ్మ.

నాన్న తొంగి చూస్తాడు. "అదీ బయల్దేరినట్టుంది."

"నాను తాళమేసినాను కదా!"

"తాళం తలుపుకేసినావు. ఇంటికి కాదు."

"ఎటెల్తంది మరి?"

"ఘాట్ మీద ఏది ఎటెల్తందో మలుపు తిరిగేదాకా తెలీదే."

ఇక్కడి నుంచి నిజాలు బరువెక్కుతాయి. ఐదో మలుపు దగ్గర అమ్మ అరవడానికి ముందు పమిట నోటికి అడ్డం పెట్టుకుని, మళ్ళీ తీసేస్తుంది. "మా యమ్మ పోయిన నాడు నాకు ఏడుపు రానేదు! అందరూ సూస్తన్నారని ఏడిసినాను!" మామ్మ ముందుకి వంగి, కోడలి భుజం మీద జారిన పమిట సర్దుతుంది.

ఆరో మలుపు దగ్గర మామ్మ, "నా ముగ్గురు కొడుకుల్లో దేముడంటేనే నాకు ఇష్టం! వాడి ముందర ఏనాడూ అన్నేదు!" అంటుంది. నాన్న చెవులు ఎర్రబడతాయి. గేరు మార్చాల్సిన చోట మార్చడు. జీపు తనంతట తానే మార్చుకుంటుంది.

ఏడో మలుపు నాన్నది. స్టీరింగుని గట్టిగా పట్టుకుని, ఎదుటి అద్దంతో చెబుతున్నట్టు అరుస్తాడు. "నాకీ ఘాటంటే బయ్యం! ఇరవై రెండేళ్ళబట్టి రోజూ బయ్యమే!"

కొండ ఆ మాట విని ఒక్క చిన్న రాయి మాత్రం దొర్లిస్తుంది.

ఐదు, ఆరు, ఏడు పేజీలు తెల్లగా ఉన్నాయి. పసుపు, బూడిద, గ్రీజు. మలుపుకో గంట చొప్పున పొద్దు గడిచిపోయి, సూర్యుడు కిందికి దిగి జీపుతో సమానంగా సిల్వర్ ఓక్ చెట్ల మధ్య నడుస్తున్నాడు. నాన్న ఆయన్ని టైమెంతని అడుగుతాడు. నాలుగున్నర దాటిందని సూర్యుడు వేళ్ళతో చూపిస్తాడు.

ఎనిమిదో మలుపు.

"ఇది నాది," అంటుంది అప్ప.

నేను ఆమె నోటి వైపు చూస్తాను. ఎనిమిదో పేజీలో అప్ప గురించి ఏం రాశానో నాకు తెలుసు. అప్ప నా జడ వదలకుండానే లేచి నిలబడుతుంది. ఆమె కేక బస్సు కండక్టరు కేకలా సునాయాసంగా వస్తుంది.

"గుడికని సెప్పి రోజూ పోస్టాపీసుకెల్తన్నాను! నా ఉత్తరం ఇంకా రానేదు!"

మలుపు అవతల నుంచి వస్తున్న బస్సు ఆగదు. మొదటి మాట మలుపు తిరగడం చూస్తాను. రెండో మాట రోడ్డు అంచు దాకా వెళ్ళి, అక్కడ ఒక్క క్షణం ఆగి, లోయలోకి జారిపోతుంది. నాన్న బ్రేకు తొక్కి జీపుని కొండకి అదిమేస్తాడు. బస్సు ఊపిరి బిగబట్టి మా పక్క నుంచి పోతుంది.

"ఏటమ్మా అది!" బస్సు డ్రైవరు కిటికీలోంచి కసురుతాడు. "సగమే వినబడింది! సగం నిజంతో ఘాటెక్కుతారా? పెద్దోళ్ళున్నారు బండిలో!"

బస్సు పోయాక కూడా నాన్న కొంతసేపు స్టీరింగు వదలడు. తర్వాత మెల్లగా వెనక్కి తిరుగుతాడు. అమ్మ కూడా. మామ్మ కూడా. ముగ్గురూ అప్పనే చూస్తున్నారు.

"వరాలూ," అంటాడు నాన్న. "ఏటి దాసినావమ్మా?"

"నానేటీ దాయనేదు నాన్నా."

"మరి నీ మాటెందుకు పడిపోయినాది?"

"తెలీదు. నాను నిజమే అన్నాను." ఆమె గొంతులో కండక్టరు లేడు. "రాయమ్మ తోడు, నిజమే అన్నాను."

మామ్మ చుట్ట ఆర్పేస్తుంది. అమ్మ నిట్టూరుస్తుంది. అప్ప కూర్చుని, నా జడ చివర రెండు చేతుల్లో పట్టుకుని, అల్లడం మానేస్తుంది. ఇంతవరకూ అప్ప అబద్ధమాడిందని ఎవరూ అనగా నేను వినలేదు. ఆమెని అబద్ధాలకోరుని చేసింది నేను. గేటు దగ్గర ఒకసారి, ఇక్కడ ఒకసారి.

తొమ్మిదో మలుపు ముందు నాన్న జీపు ఆపేస్తాడు. అవతలి నుంచి ఏదో పెద్దది వస్తోంది. ఇత్తడి గిన్నెలు తగులుకుంటున్న చప్పుడు, గిలక కిర్రుమంటున్న చప్పుడు.

"ఎవులిదీ మలుపు?" అంటాడు. "బేగి. అది ఆగేలా నేదు."

"నాకాడ ఇంకేటీ నేవు," అంటుంది అమ్మ.

"నావి అయిపోయినాయిరా," అంటుంది మామ్మ.

నోరు తెరిస్తే మాట మళ్ళీ లోయలో పడిపోతుందని అప్ప భయపడుతోంది.

సంచిలోంచి డైరీ బయటికే తీసేస్తాను. ఎనిమిదో పేజీలో పైసగం తెల్లన. కింద సగం అక్షరాలు అలాగే ఉన్నాయి. మూల మీద కొబ్బరినూనె మరక. పేజీ తిప్పుతాను. తొమ్మిదో పేజీ నిండా ఉంది. దాని మూల మీద కూడా ఒక వేలిముద్ర ఉంది. నీలం సిరాది. నా బొటనవేలు దాని మీద ఆనిస్తే సరిగ్గా అతుక్కుంటుంది.

డైరీ ఎవరూ చదవలేదు. ఎవరి నిజం మీద వాళ్ళ వేలు ఉంది, అంతే.

నేను లేచి నిలబడతాను. మొదట పలక మీద బలపం గీసినట్టు చిన్న చప్పుడు వస్తుంది. అందరూ జీపుకి ఏమైందోనని చక్రాల వైపు చూస్తారు. అప్పుడు వస్తుంది.

"అప్ప ఉత్తరం వచ్చీసినాది! నాలుగు రోజులైనాది! నానే దాసీసినాను! అప్ప ఎల్లిపోతే నా బదులు ఎవులు మాట్లాడతారని దాసీసినాను!"

నా కేక రోడ్డు మీద దొర్లుకుంటూ, మలుపు తిరిగి, అవతలికి వెళుతుంది. గిన్నెల చప్పుడు ఆగుతుంది. డైరీలో మిగిలిన అక్షరాలు కూడా చెరిగిపోతాయి. అట్ట లోంచి ఉత్తరం జారి అప్ప ఒళ్ళో పడుతుంది.

మలుపు తిరిగి మా ఇల్లు వస్తుంది.

ముందు అరుగు, తర్వాత గుమ్మం, తర్వాత కప్పు మీది బీరపాదు. పక్కనే బావి గిలక వేలాడుతోంది. నడిపేవాళ్ళు ఎవరూ లేరు. మమ్మల్ని చూసి ఇల్లు కొండ వైపు ఒదిగి దారి ఇస్తుంది. వంటింటి కిటికీలోంచి పొగ వస్తోంది.

అప్ప ఉత్తరం చదువుతుంది. మళ్ళీ చదువుతుంది. మడత పెడుతుంది. ఇప్పుడు చెంప మీద కొడుతుందని నేను బుగ్గ సిద్ధంగా పెట్టుకుంటాను.

"పోస్టుమేను అడిగితే ఏటన్నావు?"

"తలూపినాను."

"తలూపీసిందంట నాన్నా," అని నవ్వుతుంది. నవ్వు సగంలోనే తడుస్తుంది. "రోజూ నా ఎనకాలే పోస్టాపీసుకొచ్చీదానివి కదే. నా ఎనకాలే నడిసీదానివి. ఎలా నడిసినావే?"

నేను బుగ్గ అలాగే ముందుకి పెట్టి ఉంచుతాను.

"ఇల్లు దిగువకెల్తంది," అంటాడు నాన్న సూర్యుడి వైపు చూసి. "అయిదు లోపల పట్నంలో దింపీసిద్ది. బేగెక్కమ్మా."

"పొయ్యి మీద పప్పుంది, తినీసెల్లు," అంటూ అమ్మ తాళం తీసి ఇస్తుంది. "ఉప్పు సూసుకో."

అప్ప అరుగు ఎక్కుతుంది. నా జడ చివర ఇంకా ఆమె చేతిలోనే ఉంది, ఉత్తరంతో కలిపి. ఆ జడ లాగినంత దూరం నేనూ వెళతాను. అరుగు మెట్టు మీద కాలు పెడతాను.

"నానూ వస్తాను."

అప్ప గుమ్మంలో నిలబడి నన్ను చూస్తుంది. "ఇప్పుడు ఇంట్లో ఎవులున్నారే?"

"నువ్వు."

"ఇంటికి హారనుందా?"

"నేదు."

"ఇంకా ఎనిమిది మలుపులు దిగాల. పైనించి నా కోసం ఎవులరుస్తారు?"

నేను మాట్లాడను. అప్ప నా బదులు మాట్లాడడం కోసం అలవాటు కొద్దీ ఆగుతాను. అప్ప కూడా ఆగుతుంది. కొండ అంతా ఆగుతుంది.

"నాను," అంటాను.

ఆమె తల ఊపుతుంది, నేను పోస్టుమాన్ ముందు ఊపినట్టే. తర్వాత తలుపు మూసేస్తుంది. లోపల గడియ పడిన చప్పుడు వింటాను.

నా జడ చివర తలుపు సందులో ఉండిపోయింది. ఇల్లు కదులుతుంది. జడ నొప్పి పెట్టదు. పొడవవుతుంది. తెల్లగీత పక్కనే నల్లగీతలా రోడ్డు పొడుగునా పరుచుకుంటూ పోతుంది. నేను రోడ్డు మీద ఖాళీ డైరీ పట్టుకుని నిలబడి ఉన్నాను. ఎనిమిదో మలుపు దగ్గర జడ ఒకసారి లాగుతుంది. అప్ప బదులు నేను నోరు తెరుస్తాను.